దూరాన్ని కొలిచి వేసే పన్ను

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సభలో చదివిన ప్రసంగ పాఠం)



జూబిలీ సభలో పన్నుల ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చును. కాని ఈ సభకు వచ్చినవారిలో అధికులు హోసూరు పరిసరాలలోని కర్మాగారాలలో పనిచేసేవారు. ప్రతిదినం బెంగుళూరుకు వెళ్ళి వచ్చేవారు. లారీలు, టాక్సీలు నడుపుకొని సంసారం ఈదుకొచ్చేవారు. తోటలలో పండిన గులాబీలను, కూరగాయలను తెల్లవారకముందే మార్కెట్టుకు చేరవేసేవారు. వీరందరి బ్రతుకు తెరువూ రోడ్డుతో ముడిపడి ఉన్నది. ఆ రోడ్డుకు చెల్లించవలసిన వెలను ఏ తూకంతో తూచాలన్న ప్రశ్న ప్రపంచంలో పలుచోట్ల చర్చకు వచ్చింది. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అన్ని కిలోమీటర్లకే పన్ను కట్టించుకోవాలన్నది ఆ చర్చలో ముఖ్యమైన ఆలోచన. వినడానికి ఇంతకంటె న్యాయమైన మాట మరొకటి లేదనిపిస్తుంది. ఆ న్యాయం ఎంతవరకు నిలుస్తుందో కొంచెం నిదానంగా పరిశీలించవలసి ఉన్నది.

నిజానికి దూరాన్ని బట్టి పన్ను అన్నది కొత్త సంగతి కాదు. పెట్రోలుపై వేసే పన్ను ఒక విధంగా దూరపు పన్నే. ఎక్కువ దూరం తిరిగే బండి ఎక్కువ పెట్రోలు త్రాగుతుంది. బరువైన బండి మరికొంత ఎక్కువ త్రాగుతుంది. కావున రోడ్డును ఎక్కువగా వాడుకొన్నవాడు తనకు తెలియకుండానే ఎక్కువ పన్ను కడతాడు. 1919లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం గాలను పెట్రోలుకు ఒక సెంటు చొప్పున పన్ను విధించింది. ఆ దేశంలో మొదటి పెట్రోలు పన్ను అదే. భారతదేశంలో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన 1927లో ఏర్పడిన రోడ్ల అభివృద్ధి సంఘం సిఫారసు మేరకు 1929లో పెట్రోలుపై గాలనుకు రెండణాల అదనపు సుంకం వేసి, ఆ సొమ్ముతో కేంద్ర రోడ్డు నిధిని ఏర్పరిచారు. మోటారు బండ్లు ఊరికి ఒకటో రెండో ఉన్న కాలంలోనే, రోడ్డును వాడుకొనేవారే దాని మరమ్మతుకు సొమ్మియ్యాలన్న సూత్రం స్థిరపడిందన్నమాట. 2000లో ఆ నిధికి ప్రత్యేక చట్టం వచ్చింది.

ఈ పద్ధతిలో ఉన్న సౌకర్యం సామాన్యమైనది కాదు. పన్ను లీటరు ధరలో కలిసిపోతుంది గనుక వసూలుకు వేరే సిబ్బంది అక్కరలేదు, ఎగవేతకు అవకాశం తక్కువ. అన్నిటికంటె మించి, ఎవరు ఏ దారిన ఎక్కడికి వెళ్ళారో ప్రభుత్వం అడుగనవసరం లేదు. ఈ చివరి గుణం విలువ ఇంతకాలం ఎవరూ గుర్తించలేదు. అది పోయే వేళకు గాని తెలిసి రాలేదు.

ఇప్పుడు ఆ తూకం జారిపోతున్నది. దానికి హోసూరు ప్రాంతమే సాక్షి. టీవీఎస్ వారి విద్యుత్ స్కూటరు, ఏథర్ స్కూటరు హోసూరులోనే తయారవుతున్నవి. ఓలా స్కూటర్ల కర్మాగారం కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఉన్నది. (హైదరాబాదు నుండి వచ్చిన పూర్వ విద్యార్థులు దీనిని చీరల పోచంపల్లి అనుకొనరాదు.) ఈ బండ్లు రోడ్డుమీద తిరుగుతవి గాని పెట్రోలు బంకు గడప తొక్కవు. పొగ రాని బండ్లను ప్రోత్సహించడం మంచిదే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు నెలాఖరు వరకు మినహాయించింది కూడా. అయితే మినహాయింపు పొందిన బండ్లు ఏటేటా పెరుగుతూ పోతే, రోడ్ల ఖర్చు పెట్రోలు, డీజిలు వాడే మిగిలిన బండ్ల నెత్తిన పడుతుంది. పాత మోపెడ్ మీద పూలబుట్ట పెట్టుకొని వెళ్ళే రైతు, లక్షన్నర పెట్టి కొత్త విద్యుత్ స్కూటరు కొన్న ఉద్యోగి తిరిగే రోడ్డుకు కూడా తానే చెల్లించినట్లు అవుతుంది. విద్యుత్ బండ్ల మాట అటుంచినా, కొత్త పెట్రోలు బండ్లు కూడా తక్కువ ఇంధనంతోనే ఎక్కువ దూరం పోతున్నవి. అమెరికాలో కేంద్ర ప్రభుత్వపు పెట్రోలు పన్ను గాలనుకు 18.4 సెంట్లు, 1993 నుండి అది మారనే లేదు.

బండి కొన్నప్పుడు కట్టే లైఫ్ టాక్సు ఉన్నది గదా అని అడగవచ్చును. అది దూరాన్ని చూడదు, ధరనే చూస్తుంది. ఒకే రకం స్కూటరు కొన్న ఇద్దరిలో ఒకరు వారానికొకసారి గుడికి, సంతకు వెళ్ళి మిగతా రోజులు బండిని అరుగు మీదనే నిలుపుతారు. మరొకరు రోజుకు డెబ్బది కిలోమీటర్లు తిరుగుతారు. కట్టినది ఇద్దరూ సమానమే. దూరపు పన్నును సమర్థించేవారు చూపే మొదటి అన్యాయం ఇదే. ఆ మాటలో నిజమున్నది.

ఈ పద్ధతిని చిరకాలంగా అనుసరిస్తున్న దేశం న్యూజిలాండు. అక్కడ పెట్రోలుపై పన్ను ఉన్నది గాని డీజిలుపై ఆ విధమైన రోడ్డు పన్ను లేదు. వ్యవసాయపు యంత్రాలు, పడవలు కూడా డీజిలుతోనే నడుస్తవి గనుక వాటికి రోడ్డు పన్ను భారం ఉండరాదని భావించి, 1978 నుండి డీజిలు వాహనాలకు దూరాన్ని బట్టి రుసుము వసూలు చేస్తున్నారు. పద్ధతి సులభమైనది. వాహన యజమాని వెయ్యి కిలోమీటర్ల చొప్పున ముందుగా కొనుక్కోవాలి. ఏ అంకె నుండి ఏ అంకె వరకు కొన్నారో తెలిపే చీటీని అద్దానికి అంటించాలి. మీటరు ఆ అంకె దాటినా మళ్ళీ కొనకపోతే జరిమానా. పెద్ద లారీలకు చక్రపు ఇరుసు దగ్గరే వేరే మీటరు బిగిస్తారు. వాటి రుసుము బరువును, ఇరుసుల సంఖ్యను బట్టి మారుతుంది.

2024 ఏప్రిల్ 1 నుండి ఆ దేశం విద్యుత్ కార్లను కూడా ఈ పద్ధతిలోకి తెచ్చింది. వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్లు అని నిర్ణయించారు. చిన్న డీజిలు బండ్లకూ అంతే. ఇక్కడ ఒక చిక్కు తలెత్తింది. ఆ దేశంలో పెట్రోలుపై రోడ్డు నిధికి చేరే సుంకం లీటరుకు సుమారు 70 సెంట్లు. నూరు కిలోమీటర్లకు 11 లీటర్లు త్రాగే పెద్ద కారు వెయ్యి కిలోమీటర్లకు 110 లీటర్లు వాడి 77 డాలర్లు కడుతుంది. నూరు కిలోమీటర్లకు 5 లీటర్లే త్రాగే చిన్న కారు 35 డాలర్లతో బయటపడుతుంది. పొగే వదలని విద్యుత్ కారు మాత్రం 76 డాలర్లు కట్టాలి! పెట్రోలుతోను, కరెంటుతోను నడిచే కార్లు రెండు పన్నులూ కట్టవలసి వస్తుందని ఆక్షేపణ రాగా వాటి రుసుమును 38 డాలర్లకు తగ్గించారు. ఏడవ తరగతి లెక్కల పుస్తకంలో చేర్చదగిన ఉదాహరణ ఇది. దూరం ఒక్కటే చూస్తే తక్కువ ఇంధనం వాడే బండికి పెట్రోలు పన్ను ఇచ్చే ప్రోత్సాహం పోతుంది.

తరువాత వచ్చేది బరువు. రోడ్డు చెడిపోవడానికి దూరం ఎంత కారణమో బరువు అంతకంటె ఎక్కువ కారణం. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆటవా పట్టణం దగ్గర 1958–60 సంవత్సరాలలో ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటిమీద రెండేళ్ళపాటు లారీలను త్రిప్పి ఇంజనీర్లు పరీక్షలు జరిపారు. ఒక ఇరుసుమీద పడే బరువు పెరిగితే రోడ్డుకు కలిగే నష్టం సుమారుగా ఆ బరువు నాల్గవ ఘాతం చొప్పున పెరుగుతుందని వారు తేల్చారు. బరువు రెట్టింపైతే నష్టం రెట్టింపు కాదు, పదహారు రెట్లు. ఏడు వందల కిలోల ఇరుసు బరువున్న కారు, ఏడు టన్నుల ఇరుసు బరువున్న లారీ ఒకే దూరం వెళ్ళితే, ఆ లెక్క ప్రకారం లారీ వలన కలిగే నష్టం పదివేల రెట్లు. స్కూటరు లెక్కలోకే రాదు. రోడ్డు పాడయ్యేది ఎక్కువగా లారీ వలన, వాన నీటి వలన. ద్విచక్ర వాహనం వలన కాదు.

అందుచేతనే స్విట్జర్లాండు 2001లో దూరపు రుసుము ప్రవేశపెట్టినప్పుడు దానిని భారీ వాహనాలకే పరిమితం చేసింది. దూరాన్ని, బరువును, పొగ తరగతిని మూడింటినీ కలిపి గుణించి రుసుము తేలుస్తారు. జర్మనీ 2005 జనవరి నుండి 12 టన్నులు దాటిన లారీలకు ఉపగ్రహం సాయంతో దూరపు రుసుము విధించి, క్రమంగా చిన్న లారీలకు విస్తరించింది. 2024 జూలై నుండి 3.5 టన్నులు దాటిన లారీలు కూడా అందులోకి వచ్చినవి. స్విట్జర్లాండు విషయంలో గమనించవలసినది మరొకటి ఉన్నది. అక్కడ ఈ రుసుమును ప్రజలు 1998లో ఓటు వేసి ఆమోదించారు. వసూలైన సొమ్ములో మూడింట రెండు వంతుల వరకు కేంద్రానికి చేరి, ఆల్ప్స్ పర్వతాల క్రింద రైలు సొరంగాలు తొలచడానికి ప్రధానంగా ఉపయోగపడింది. 2016లో ప్రారంభమైన 57 కిలోమీటర్ల గోటార్డు సొరంగం వాటిలో ఒకటి. పన్ను కట్టేవారికి తమ సొమ్ము ఎటు పోయిందో కంటికి కనిపించింది. ఇందుకు భిన్నంగా, బ్రిటనులో ఇటువంటి ఆలోచన బయటపడగానే 2007లో ప్రధాని కార్యాలయానికి పంపిన విజ్ఞప్తిపై పద్దెనిమిది లక్షల మంది సంతకాలు చేశారు, ఆలోచన ఆగిపోయింది. అదే బ్రిటను 2025 నవంబరు బడ్జెటులో, 2028 ఏప్రిల్ నుండి విద్యుత్ కార్లకు మైలుకు 3 పెన్నీల చొప్పున వసూలు చేస్తామని ప్రకటించింది. పద్దెనిమిదేళ్ళలో మారినది ప్రజల మనస్సు కాదు, పెట్రోలు పన్ను రాబడికి వచ్చిన ముప్పు.

భారతదేశానికి వస్తే, జాతీయ రహదారుల మీద దూరపు లెక్క 2008 నాటి నిబంధనలలోనే ఉన్నది. 2007–08 ప్రాతిపదికగా కారుకు కిలోమీటరుకు 65 పైసలు, బస్సుకు, లారీకి 2 రూపాయల 20 పైసలు, మూడు నుండి ఆరు ఇరుసుల వాహనాలకు 3 రూపాయల 45 పైసలు అని అందులో వ్రాశారు. ధరల సూచీని బట్టి ఏటేటా పెంచుకొనే వీలు కల్పించారు. ద్విచక్ర వాహనాలకు రుసుము లేదు. అయితే ఆచరణలో రుసుము చెల్లించేది టోల్‌గేటు దగ్గర. గేటుకు ఈవల ఎక్కి ఆవల పది కిలోమీటర్లలో దిగిపోయేవారు మొత్తం భాగానికి కడతారు. రెండు గేట్ల నడుమ యాభై కిలోమీటర్లు తిరిగి గేటు తాకకుండా దిగినవారు ఏమీ కట్టరు. అత్తిబెలె, కృష్ణగిరి గేట్ల గుండా పోయేవారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు.

2024 సెప్టెంబరులో ఆ నిబంధనలను సవరించారు. ఉపగ్రహంతో దూరం కొలిచే పరికరం బిగించుకొన్న వాహనానికి నడిచిన దూరానికే రుసుము. నేషనల్ పర్మిట్ లేని వాహనాలకు రోజుకు ఒక్కొక్క దిక్కున 20 కిలోమీటర్ల వరకు రుసుము లేదు. అది దాటితే నడిచిన అసలు దూరానికి కట్టాలి. బెంగుళూరు–మైసూరు రహదారి మీద, హర్యానాలో పానిపట్టు–హిస్సారు రహదారి మీద ప్రయోగాత్మక పరిశీలనలు జరిపారు. 2025 మే మొదటి తేదీ నుండి దేశమంతటా ఉపగ్రహ టోలు వస్తుందని వార్తలు రాగా, అటువంటి నిర్ణయం తీసుకోలేదని కేంద్ర ప్రభుత్వం ఏప్రిల్‌లోనే వివరణ ఇచ్చింది. అటుపై 2025 ఆగస్టు 15 నుండి సొంత కార్లకు 3000 రూపాయల వార్షిక పాసు వచ్చింది: ఏడాదిలో 200 సార్లు గేటు దాటవచ్చును. అంటే అప్పటి ధరలో ఒక్కొక్క గేటుకు 15 రూపాయలు, దూరం ఎంతైనా సరే. దూరాన్ని కొలుస్తామని బయలుదేరి, గేట్లను లెక్కపెట్టే చోటికి చేరినట్లయింది. ప్రయాణికులకు లాభమే గనుక ఎవరూ ఆక్షేపించలేదు!

ఈ టోలు రుసుమే గాని పన్ను కాదన్న భేదం కూడా తెలుసుకోదగినది. రుసుము కట్టేది ఫలానా రహదారిని వాడుకొన్నందుకు; ఇష్టం లేనివారు వేరే దారిన పోవచ్చును. దూరపు పన్ను అట్లు కాదు. ఇంటి ముందరి సందు నుండే అది మొదలవుతుంది.

ఆ పన్ను వస్తే ఎవరి మీద పడుతుంది? దూరం తిరిగేవారందరూ సరదాకు తిరిగేవారు కారు. బెంగుళూరు నగరంలో అద్దెలు భరించలేనివారు అత్తిబెలె దాటి వచ్చి హోసూరులో నివాసముంటారు. హోసూరు అద్దెలు కూడా భరించలేనివారు ఇంకా లోపలి పల్లెలకు జరుగుతారు. తళి, దేన్కనికోట, బాగలూరు వైపు నుండి షిఫ్టు పనికి వచ్చేవారిది అదే పరిస్థితి. జీతం తగ్గేకొద్దీ ఇల్లు దూరమవుతుంది. ఇల్లు దూరమయ్యేకొద్దీ మీటరులో అంకెలు పెరుగుతవి. ఉదాహరణకు కిలోమీటరుకు 25 పైసలు అనుకొందురుగాక. ఇది లెక్క కోసం తీసుకొన్న అంకె మాత్రమే. పనికి 35 కిలోమీటర్లు వెళ్ళి వచ్చే కార్మికుడు నెలకు 25 రోజులలో 1750 కిలోమీటర్లు తిరిగి 437 రూపాయల 50 పైసలు కడతాడు. మూడు కిలోమీటర్లలో కచేరీ ఉన్న అధికారి 37 రూపాయల 50 పైసలతో సరిపెట్టుకొంటాడు. కొలత సరియైనదే, ఒక్క కిలోమీటరు కూడా తప్పు లేదు. అయినను ఇది న్యాయమనిపించదు.

అయితే ఇక్కడ ఆగిపోతే సగం మాటే చెప్పినట్లు. ఆ కార్మికుడు ఇప్పుడు మాత్రం ఉచితంగా తిరగడం లేదు. అతని బండి లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుందనుకొంటే నెలకు సుమారు 39 లీటర్లు కావాలి. 2025 ఏప్రిల్‌లో పెట్రోలుపై కేంద్రపు ప్రత్యేక అదనపు ఎక్సైజు సుంకం లీటరుకు 13 రూపాయలకు పెరిగింది. అప్పటి లెక్కన ఆ ఒక్క సుంకం క్రిందనే అతడు నెలకు 507 రూపాయలు కేంద్రానికి ఇచ్చినట్లు. రాష్ట్రపు అమ్మకం పన్ను దానికి తోడు. కావున అసలు ప్రశ్న పన్ను ఉన్నదా లేదా అన్నది కాదు. దూరపు పన్ను పెట్రోలు పన్నుకు బదులుగా వస్తుందా, లేక దానిమీద అదనంగా వస్తుందా? బదులుగా వస్తే పెట్రోలు బండి మీద దూరం తిరిగేవారికి భారం కొంత తగ్గినా తగ్గవచ్చును. అదనంగా వస్తే వారు రెండుసార్లు కట్టినట్లే. పన్నుల చరిత్రలో కొత్తది వచ్చినప్పుడు పాతది మర్యాదగా తప్పుకొన్న సందర్భాలు తక్కువని పెద్దలకు అనుభవమే.

బస్సు ఉన్నచోట మాట వేరు. తమిళనాడులో 2021 నుండి, కర్ణాటకలో 2023 జూన్ నుండి, తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి స్త్రీలకు నిర్ణీత తరగతుల ప్రభుత్వ బస్సులలో ఉచిత ప్రయాణం ఉన్నది. బస్సు వేళకు వచ్చే ఊరివారు పన్ను బరువైతే స్కూటరు మాని బస్సెక్కగలరు. రాత్రి రెండవ షిఫ్టు ముగిసే వేళకు బస్సు లేని ఊరివారికి ఆ ఎంపిక లేదు. వారు పన్ను కడతారు, అంతే. కర్ణాటక పథకం ఆ రాష్ట్ర నివాసులకే గనుక, హోసూరు స్త్రీ అత్తిబెలె దాటి కర్ణాటక బస్సు ఎక్కితే టిక్కెట్టు కొనవలసిందే.

టాక్సీ, లారీవారి సంగతి కొంత వేరు. వారి దూరంలో కొంత ఖాళీ దూరం. గిరాకీని దించి ఉత్త బండితో తిరిగి వచ్చే టాక్సీ, సరుకు దించి తిరుగు కిరాయి దొరకని లారీ కూడా మీటరు త్రిప్పుతూనే ఉంటవి. ఖాళీ ప్రయాణాలకు కూడా పన్ను పడితే తిరుగు కిరాయి వెదుక్కొనే శ్రద్ధ పెరుగుతుందని ఆర్థికవేత్తలు అంటారు. అది పెద్ద సంస్థలకు సాధ్యం. ఒక్క లారీ గల యజమానికి అంత సులభం కాదు. అతడు ఆ పన్నును కిరాయిలో కలుపుతాడు, కిరాయి కూరగాయల ధరలో కలుస్తుంది.

ఇక సరిహద్దు చిక్కు. హోసూరు వంటి ఊళ్ళకు ఇదే అన్నిటికంటె ముఖ్యమైనది. రాజ్యాంగం వాహనాలపై పన్నును రాష్ట్రాల జాబితాలో చేర్చింది. తమిళనాడులో పన్ను కట్టిన బండి రోజూ కర్ణాటక రోడ్ల మీద సగం దూరం తిరిగితే ఆ పన్ను ఎవరికి చెందాలి? బండిలోని మీటరుకు సరిహద్దు తెలియదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2021 జూలైలో విద్యుత్ కార్లకు కిలోమీటరుకు 2.5 సెంట్ల పన్ను వేసింది. యజమానులు ఏడాదికొకసారి మీటరు ఫోటో తీసి పంపాలి. ఆ రాష్ట్రపు కారు పొరుగు రాష్ట్రంలో తిరిగిన దూరానికి కూడా విక్టోరియాకే పన్ను కట్టవలసి వచ్చింది. ఇద్దరు కార్ల యజమానులు న్యాయస్థానానికి వెళ్ళారు. 2023 అక్టోబరు 18న ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, ఇటువంటి పన్ను వేసే అధికారం కేంద్రానిదే గాని రాష్ట్రానిది కాదని ఆ చట్టాన్ని కొట్టివేసింది. కొట్టివేసిన కారణం పొరుగు రాష్ట్రపు దూరం కాదు. అయినను మీటరు లెక్కలోని లోపం ఆ ఉదంతంలో స్పష్టంగా కనిపిస్తుంది.

మీటరుకు సరిహద్దు తెలియదు, ఉపగ్రహానికి తెలుసు. ఏ రోడ్డు ఎవరిదో, ఏ వేళ రద్దీయో, ఏ కిలోమీటరు తమిళనాడుదో, ఏది కర్ణాటకదో అది విడదీసి చెప్పగలదు. కాని అట్లు చెప్పాలంటే బండి ఏ నిమిషాన ఎక్కడ ఉన్నదో ముందు వ్రాసి పెట్టుకోవాలి. బండి ఏ ఆసుపత్రి ముందు ఆగింది, ఏ సభకు వెళ్ళింది, ఏ బంధువు ఇంట రాత్రి నిలిచింది – అన్నీ ఆ లెక్కలో ఉంటవి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న భారత సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం వేసినవారు కర్ణాటక హైకోర్టు పూర్వ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం కూడా వచ్చింది. పన్ను కోసం సేకరించిన దారుల జాబితాను ఎన్నాళ్ళు ఉంచాలి, ఎవరికి చూపాలి, ఎప్పుడు చెరిపివేయాలి అన్నవి పన్ను చట్టంలోనే వ్రాయవలసిన సంగతులు. పెట్రోలు పన్నుకు మొదట దారి చూపిన ఆరెగాన్ రాష్ట్రమే 2015లో స్వచ్ఛందంగా చేరేవారికి దూరపు పన్ను ప్రారంభించింది. స్థలాన్ని నమోదు చేయని పరికరాన్ని ఎంచుకొనే వీలు అక్కడ కల్పించారు. న్యాయమైన కొలత కావాలంటే కొంత గోప్యత వదులుకోవాలి. గోప్యత కావాలంటే కొంత మోటు కొలతతో సరిపెట్టుకోవాలి. సామాన్య సంసారులకు మోటు కొలతే మేలు. నిత్యం సరిహద్దు దాటే లారీలకు ఉపగ్రహ లెక్క పెట్టినా అభ్యంతరం ఉండరాదు. వాటి దారులు వ్యాపార పత్రాలలో ఎటూ ఉన్నవే.

మీటరును నమ్మితే మరొక బెడద. మీటరును వెనక్కు త్రిప్పే విద్య కొత్తది కాదు. సెకండ్‌హాండు బండ్లు కొన్నవారందరికీ ఆ అనుమానం ఉండనే ఉంటుంది. పన్ను కూడా మీటరు మీదనే ఆధారపడితే ఆ విద్యకు గిరాకీ పెరుగుతుంది.

దూరపు పన్ను వలన ట్రాఫిక్ తగ్గుతుందన్న ఆశ కొందరికి ఉన్నది. అన్ని కిలోమీటర్లకు ఒకే రేటైతే ఆ ఆశ నెరవేరదు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద నడిచిన కిలోమీటరు, ఉదయం తొమ్మిదింటికి సిల్కుబోర్డు కూడలిలో పాకిన కిలోమీటరు ఒకటి కావు. సింగపూరు 1975లోనే నగర కేంద్రంలోకి ప్రవేశించే కార్లకు రుసుము పెట్టి, 1998 నుండి వేళను బట్టి, చోటును బట్టి రేటు మార్చింది. రద్దీ తగ్గడానికి పనిచేసేది వేళ, చోటు, దూరం కాదు.

ఇవన్నీ కలిపి చూస్తే ఈ దేశంలో దూరపు పన్ను మొదట రావలసినది బరువైన లారీలకు, బరువును బట్టి. తరువాత ఖరీదైన విద్యుత్ కార్లకు, పెట్రోలు కారు కట్టేదానికి మించకుండా. ద్విచక్ర వాహనాలకు అసలే అక్కరలేదు. రోడ్డుకు వాటివలన కలిగే నష్టం లేనే లేదు. వాటినుండి వసూలయ్యే సొమ్ములో అధికభాగం దూరాన ఉన్న పేదవారిదే. వచ్చిన సొమ్ములో ఒక వంతు రాత్రి షిఫ్టు బస్సులకు కేటాయిస్తే, స్విట్జర్లాండు సొరంగంవలె అదీ కంటికి కనిపిస్తుంది.

ఈలోగా పాఠశాలలో చేయదగిన పని ఒకటి ఉన్నది. పై తరగతుల పిల్లలు ఒక నెలపాటు ప్రతి ఆదివారం సాయంత్రం ఇంటి బండి మీటరు అంకెను నోటుపుస్తకంలో వ్రాసుకోవచ్చును. మూడు గళ్ళు చాలును: వారంలో తిరిగిన దూరం, ఏ పనిమీద తిరిగినది, ఆ దారిలో ఆ వేళకు బస్సు ఉన్నదా లేదా. ఎక్కడికి వెళ్ళారో వ్రాయనవసరం లేదు. నెలాఖరున పేర్లు తీసివేసి ఆ కాగితాలన్నీ కలిపి, పది కిలోమీటర్లలోపు వారు ఎందరు, ముప్పది దాటినవారు ఎందరు, వారిలో బస్సు లేనివారు ఎందరు అని పట్టిక వేస్తే ఈ ప్రాంతపు లెక్క పిల్లల చేతిలోనే తయారవుతుంది. తల్లిదండ్రులు అంగీకరించి, లెక్కల ఉపాధ్యాయులు సమ్మతిస్తే, వచ్చే నెల మొదటి ఆదివారం నుండే దీనిని ప్రారంభించవచ్చును.